ఏడాది ఆగి అడగండి

సమిధలు చేతపట్టుకుని ఆరుగురు పిప్పలాద మహర్షి దగ్గరికి వెళ్లారు. ఓనమాలు దిద్దుకోడానికి వచ్చినవాళ్లు కారు, బ్రహ్మనిష్ఠులని ప్రశ్నోపనిషత్తే చెబుతోంది. అయినా ఆయన, మరో ఏడాది తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఇక్కడ గడపండి, తర్వాత కావలసినవి అడగండి, మాకు తెలిస్తే అన్నీ చెబుతాం అన్నాడు. అందరి చూపూ ఆ ఏడాది మీదికే పోతుంది. బరువంతా ‘తెలిస్తే’ అన్న మాటలో ఉందని నాకనిపిస్తుంది. ఉద్యోగంలో ప్రొబేషన్ అంటే పైవాడు కిందివాణ్ని తూచే కాలం. ఇక్కడ తూచేవాడు తానూ తక్కెడలో కూర్చున్నాడు. పరీక్షాకాలానికి ధర్మమంటూ ఉంటే అది ఈ రెండువైపుల కట్టుబాటులోనే ఉంది.

గడువు గడిపినంత మాత్రాన అర్హత రాదనడానికి ఛాందోగ్యం సాక్ష్యం. ఇంద్రుడూ విరోచనుడూ ప్రజాపతి దగ్గర 32 ఏళ్లు ఉన్నారు. నీళ్ల పళ్లెంలో తమ నీడ చూసుకుని ఇద్దరూ తృప్తిగా వెనుదిరిగారు. దేహమే ఆత్మ అని విరోచనుడు అసురులకు చెప్పేశాడు. ఇంద్రుడు దారిలో ఆగాడు: ఒళ్లు అలంకరిస్తే నీడా మెరుస్తుంది సరే, కన్ను పోతే నీడా గుడ్డిదవుతుంది కదా, ఒళ్లే పోతే? మళ్లీ సమిధలతో వచ్చాడు. అలా మొత్తం 101 ఏళ్లు. మొదటి గడువు ఇద్దరూ పూర్తిచేశారు, నెగ్గింది మాత్రం సందేహంతో తిరిగొచ్చినవాడు. గడువు ప్రశ్నను మాగనిస్తుంది, అంతవరకే దాని పని.

ఇది ఊడిగం చేయించుకునే సాకు కాదా అని అడగవచ్చు. అడగాలి కూడా. ఛాందోగ్యంలోనే ఉపకోసలుడనే శిష్యుడు 12 ఏళ్లు గురువు సత్యకాముడి అగ్నులను కాపాడాడు. తోటివాళ్లను సాగనంపిన సత్యకాముడు అతనికి మాత్రం ఏమీ చెప్పకుండా ప్రయాణమైపోయాడు. ఒకప్పుడు 400 బక్క ఆవులను తోలుకుపోయి పరీక్షకు నిలిచిన సత్యకాముడే! గురుపత్ని మొత్తుకుంది, కుర్రాడు అన్నం మానేశాడు, చివరికి ఆ అగ్నులే ముందుకొచ్చి బోధించాయి. హద్దులేని గడువు మీద ఆ ఇంట్లోంచే లేచిన అభ్యంతరాన్ని ఉపనిషత్తు దాచలేదు.

సత్యానికి ఆలస్యమెందుకన్నది మరో ఆక్షేపణ. అన్యమతస్థులు సంఘంలో చేరాలంటే నాలుగు నెలల పరివాసం, అంటే పరీక్షాకాలం, బౌద్ధుల నియమం. కుశీనగరంలో బుద్ధుడి ఆఖరి రాత్రి వచ్చిన సుభద్రుడనే అన్యమతస్థుడు నాలుగేళ్లయినా ఉంటానన్నాడు. బుద్ధుడు అప్పుడే చేర్చుకోమన్నాడు. నాలుగు నెలలంటే నాలుగేళ్లన్నవాడిలో ఇంకా మాగాల్సిందేముంది? మళ్లీ మొదటి కథకు వస్తే, పిప్పలాదుడి దగ్గర ఏడాది గడిచాక ఆ ఆరుగురిలో చివరగా అడిగినవాడు సుకేశుడు. ఒకప్పుడు తననడిగిన కోసల రాజకుమారుడి ప్రశ్నకు జవాబు తెలియదని, అబద్ధమాడలేక ఒప్పుకున్నానని చెప్పి, దాన్నే గురువు ముందుంచాడు. జవాబు చెప్పిన పిప్పలాదుడు, పరబ్రహ్మం గురించి నాకు తెలిసింది ఇంతే అన్నాడు. ఏడాది కిందటి ‘తెలిస్తే’ అక్కడికి చెల్లుబడైంది.