కదలని గుండె చనిపోయినట్లేనా?



“గుండెపోటు వచ్చి నెలలు గడిచాయి. గుండెలో ఒక భాగం కదలడం లేదన్నారు. ఇప్పుడు మళ్ళీ ఏదో పరీక్ష అంటున్నారు. అల్లాహ్ రాసిందే జరుగుతుంది కదా, ఇక పరీక్షలెందుకు?” అని మమ్మల్ని అడిగేవారున్నారు. ఈ మాటలో విధివ్రాత పట్ల విశ్వాసం ఉంది. కాని దాని చాటున నిరాశ కూడా ఉంది. కనుక ముందు ఆ పరీక్ష ఏమిటో తెలుసుకుందాం.

రక్తనాళం మూసుకుపోతే గుండె కండరం కదలిక తగ్గిపోతుంది. అయితే కదలనిదంతా చనిపోయినట్లు కాదు. కొంత కండరం నిజంగానే చనిపోయి మచ్చగా మారుతుంది. మరికొంత, అందే కొద్దిపాటి రక్తంతోనే ప్రాణం నిలుపుకోవడానికి పని తగ్గించుకొని నిద్రావస్థలో ఉండిపోతుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వీటిని వేరుచేసి చూపే పరీక్షల్లో స్ట్రెస్ ఎకో ఒకటి. డోబుటమిన్ అనే మందును నరం ద్వారా కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, అల్ట్రాసౌండ్‌తో గుండె గోడల కదలికను గమనిస్తారు. తక్కువ మోతాదుకే గోడ కదిలితే అందులో ప్రాణం ఉన్నట్లు. మోతాదు పెంచినప్పుడు మళ్ళీ మందగిస్తే, కండరం బ్రతికే ఉంది గాని రక్తం అందే దారి ఇరుకైందని అర్థం. ఎంతకీ కదలకపోతే అది చాలావరకు మచ్చే.

అయితే ఈ పరీక్షే అంతిమ తీర్పు కాదు. కండరం బ్రతికుందని తేలినంత మాత్రాన బైపాస్ ఆపరేషనో, స్టెంటో తప్పక మేలు చేస్తుందని చెప్పలేమని 2011లో వెలువడిన స్టిచ్, 2022లో వెలువడిన రివైవ్డ్ పరిశోధనలు తెలిపాయి. కనుక అన్ని రిపోర్టులు చూసిన నమ్మకమైన డాక్టరుతో సంప్రదించే నిర్ణయించుకోవాలి.

దైవప్రవక్త (స) వైద్యం చేయించుకోమనే బోధించారు. హజ్రత్ సఅద్ (రజి) గుండె జబ్బుతో ఉన్నప్పుడు ఆయన్ను హారిస్ బిన్ కలదా అనే వైద్యుని వద్దకు వెళ్ళమన్నారని అబూదావూద్‌లో ఒక ఉల్లేఖనం ఉంది. దాని పరంపరపై హదీసువేత్తలలో చర్చ ఉన్నా, వైద్యం చేయించుకోవాలన్న బోధన ఇతర ప్రామాణిక హదీసులలో స్పష్టంగా ఉంది. ప్రయత్నం మన బాధ్యత, ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. తవక్కుల్ అంటే ఇదే.

సోదరులారా! మన ఇళ్ళలో మరో రకం గుండె జబ్బు కూడా ఉంది. “మావాడి గుండె చచ్చిపోయింది, ఇక నమాజు వైపు రాడు” అని కన్నతండ్రే అనేస్తాడు. అది చావో నిద్రో ఆయన పరీక్షించాడా? ఒక్కసారిగా పెద్ద భారం మోపి, కుప్పకూలితే “చూశారా” అంటాం. చిన్న మోతాదుతో మొదలుపెట్టి చూశామా? ఒక సలాం, ఒక మంచి మాట, ఒక్క పూట నమాజుకు వెంట తీసుకెళ్ళడం. స్వల్పమైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ప్రీతికరమని ప్రవక్త (స) బోధించారు కదా! ఆ గుండెకు వెళ్ళే దారిని మన కోపమో, ఇంట్లోకి వచ్చే హరాం సంపాదనో మూసివేసి ఉండవచ్చు. ముందు దాన్ని తొలగించాలి.

అల్ హదీద్ సూరా 16వ ఆయతు కఠినమైపోయిన హృదయాల గురించి హెచ్చరిస్తుంది. ఆ వెంటనే 17వ ఆయతు, చనిపోయిన నేలను అల్లాహ్ మళ్ళీ బ్రతికిస్తాడని గుర్తుచేస్తుంది. కండరంలోని మచ్చను చూసి డాక్టరు ఇక లాభం లేదనవచ్చు. కాని ఊపిరి ఉన్నంతవరకు ఏ మనిషి హృదయం గురించైనా ఆ మాట అనే హక్కు మనకు లేదు. హజ్రత్ ఉమర్ (రజి) ఒకప్పుడు ఇస్లాంకు బద్ధశత్రువు కాదా?

అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, మన హృదయాలకు జీవాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.