అల్లుడికి, కూతురి తరఫున

హన్మకొండ

చిరంజీవి అల్లుడికి,

నీ మెసేజ్‌కు జవాబు ఫోన్‌లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

నువ్వడిగింది ఇది: ఏడాదిపాటు జీతం లేని సెలవు పెట్టి, హైదరాబాద్‌లో అశోక్‌నగర్‌లో గది తీసుకుని, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని గ్రూప్-1కి చదవాలా, వద్దా? ఇంట్లో ఇద్దరు పిల్లలతో పేజీ ముందుకు కదలడం లేదన్నావు. పిల్లల భవిష్యత్తు కోసమే కదా ఇదంతా అని చివర్లో రాశావు. నాకు పేచీ ఆ చివరి మాటతోనే.

డిప్యూటీ కలెక్టర్ కావాలన్న కోరిక నీది. పిల్లలు పుట్టక ముందు నుంచీ ఉంది. అది తప్పుడు కోరికేమీ కాదు. 2019లో జూనియర్ పంచాయతీ కార్యదర్శిగా చేరినప్పటి నుంచి పొద్దున్నే పారిశుద్ధ్యం ఫోటోలు, ట్రాక్టర్ డీజిల్ లెక్కలు, నర్సరీ మొక్కలు, ఇంటి పన్ను వసూళ్ళు చూస్తున్నావు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిశాక ఊరి మీద ఏ మాట వచ్చినా నువ్వే పడ్డావు. ఇంత పని కింది నుంచి చూసినవాడికి పై కుర్చీ మీద ఆశ పుట్టకపోతేనే ఆశ్చర్యం. కాబట్టి ఆ కోరికను దర్జాగా నీ పేరు మీదే ఉంచుకో. పిల్లల పేరుకు మార్చకు. "మీ కోసమే నిద్ర మానుకున్నా" అనే తండ్రి తనకు తెలియకుండానే పిల్లల మీద అప్పు రాస్తాడు. లెక్చరర్‌గా ఉన్న రోజుల్లో ఇంటర్ ఫలితాలు రాగానే స్టాఫ్‌రూమ్‌కు వచ్చే తండ్రులను చూసేవాణ్ణి. "వీని కోసం ఎంత చేసిన సార్" అనేవాళ్ళు. పక్కన ఆ పిల్లగాడు తల వంచుకుని నిలబడేవాడు. చెయ్యమని వాడెన్నడూ అడిగి ఉండడు.

ఇప్పుడు నీ పరీక్ష తేదీలను, పాప ఎదుగుదలను పక్కపక్కన పెట్టుకో. తెలంగాణ రాష్ట్రం వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్, 503 పోస్టులతో, 2022 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పుడు అమ్మాయికి వేవిళ్ళు. అక్టోబర్ 16న నువ్వు ప్రిలిమ్స్ రాశావు, నవంబర్‌లో పాప పుట్టింది. పేపర్ లీకై 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయ్యేనాటికి పిల్ల బోర్లా పడింది. జూన్ 11న మళ్ళీ రాసేనాటికి పాకుతోంది. దాన్నీ సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసేనాటికి గోడ పట్టుకుని నిలబడింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చేసరికి ఇల్లంతా నడుస్తోంది. జూన్ 9 ప్రిలిమ్స్ దాటి అక్టోబర్‌లో మెయిన్స్‌కు కూర్చునేసరికి మాటలు కలుపుతోంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు పంచుకునే ఇళ్ళు మనవి. వీటిలో ఏది ఏ రోజు జరిగిందో అమ్మాయికి తెలుసు, మా చెల్లెకు, అదే మీ అమ్మకు తెలుసు. నిన్నడిగితే ప్రిలిమ్స్ తేదీలు చెబుతావు.

నిందించడానికి రాయలేదురా. పేపర్ నువ్వు లీక్ చేయలేదు, కోర్టుకు నువ్వు పోలేదు. చెప్పదలచుకున్నది ఒకటే. ఆ పరీక్ష ఆగుతుంది, రద్దవుతుంది, మళ్ళీ వస్తుంది. 2024 నోటిఫికేషన్‌లో వయోపరిమితిని 46 ఏళ్ళకు పెంచారు కూడా. నీకింకా ముప్పై మూడే. తొందరపడాల్సింది ఏ విషయంలోనో నువ్వే ఆలోచించుకో.

అశోక్‌నగర్ సంగతికొస్తే, వద్దు. అక్కడ దొరికే టెస్ట్ సిరీస్‌లు, నోట్సులు ఇప్పుడు మీ మండలానికే వస్తున్నాయి. అక్కడ మాత్రమే దొరికేది తోటివాళ్ళ సావాసం. దానికి విలువ లేదనను. కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని పరీక్షకు ఏడాది జీతం వదులుకోవడం సాహసం కాదు, లెక్క తప్పడం. ఆర్నెల్లలో అయిపోతుందని 2022లో గది తీసుకున్నవాళ్ళు ఎంతమంది 2024 దాకా అక్కడే ఉండిపోయారో నీకే బాగా తెలుసు. మెయిన్స్ తేదీ ఖాయమయ్యాక నెలా నెలన్నర వెళ్ళు. ఆ మాట కింద మళ్ళీ చెబుతాను.

అందాకా ఇంట్లోనే చదవాలి. మెయిన్స్‌లో అర్హత కోసం రాసే ఇంగ్లిష్ పోను ఆరు పేపర్లు. ఒక్కోటి మూడు గంటలు, 150 మార్కులు. ఆ మూడు గంటల్లో చేయాల్సింది తడుముకోకుండా చేత్తో జవాబులు రాసుకుపోవడం. పావుగంటలో ఒక జవాబు రాయడం వచ్చినవాడే గట్టెక్కుతాడు. చిన్నపిల్లలున్న ఇంట్లో దొరికేవీ పావుగంటలే కాబట్టి వాటిని రాతకు పెట్టు. చదవడానికి తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు దాకా పెట్టుకో. రాత్రి పదకొండింటి దాకానూ కూర్చుంటానంటావేమో, రెండు వైపులా నిద్ర కోసేస్తే ఆ చిరాకు పొద్దున పాప మీద పడుతుంది.

పిల్లలు గదిలోకొస్తున్నారని తలుపు గడియ పెట్టుకుంటున్నావట. శాస్త్రవేత్త డార్విన్ పదిమంది పిల్లల తండ్రి. ప్లాస్టరనీ దారమనీ కత్తెరనీ వాళ్ళు ఆయన గదిలోకి దూరుతూనే ఉండేవాళ్ళని తర్వాత ఆ పిల్లలే చెప్పుకున్నారు. ఆయన పుస్తకం 'జాతుల పుట్టుక' రాతప్రతి పుటలు కొన్ని మిగలడానికి కారణం వాటి వెనుక వైపు పిల్లలు బొమ్మలు గీసుకోవడం. అలాగని ఆయనను చూసి నేర్చుకోమనను. తాతల ఆస్తి, ఇంటి నిండా నౌకర్లు, పైన భార్య ఎమ్మా ఉన్నారు ఆయనకు. నీకు గ్రామ పంచాయతీ ఉంది. అయినా గడియ మాత్రం తియ్యి. మూడేళ్ళ పిల్లకు ఒక తెల్లకాగితం ఇచ్చి పక్కన కూర్చోబెడితే పావుగంట నీదే.

ఇంకొకటి. వాళ్ళు ఊరుకోవాలని ఫోన్ ఇవ్వకు. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. నువ్వూ వాళ్ళ ముందు ఫోన్‌లో చదవడం మానెయ్. నువ్వు కరెంట్ అఫైర్స్ చూస్తున్నావో రీల్స్ చూస్తున్నావో పాపకు తేడా తెలియదు. పుస్తకం పట్టుకుంటే నాన్న చదువుకుంటున్నాడని తెలుస్తుంది.

పిల్లల పనుల్లో ఒకటి పూర్తిగా నీదిగా తీసుకో. బాబుకు రోజూ స్నానం నువ్వే పొయ్యి. నీళ్ళు కాచడం, నూనె రాయడం, తల తుడవడం, తడిసిన గదిని కడగడం, అన్నీ నువ్వే. అమ్మాయి తువ్వాలు అందించకూడదు. సాయం చేస్తున్నానని నలుగురిలో చెప్పుకోకు, ఎవరి బిడ్డకు ఎవరు సాయం? ఊళ్ళో ఎవరింట్లో బిడ్డ పుట్టినా జనన నమోదు రాసేది నువ్వే. కానీ మొన్న బాబుకు తొమ్మిది నెలలు నిండాయి కదా, మీజిల్స్ రూబెల్లా టీకా వేయించారా అని నేనడిగితే ఫోన్ అమ్మాయికిచ్చావు.

ఇక ఈ ఉత్తరంలో అసలు విషయం. నువ్వు నాకు మేనల్లుడివి కాబట్టి నీ భార్య వరుసకు నాకు కూతురవుతుంది. ఇక్కడి నుంచి కూతురి తండ్రిగా మాట్లాడుతున్నాను, కొంచెం కటువుగా ఉన్నా ఓర్చుకో.

అమ్మాయి బీఈడీ చేసింది, టెట్ పాసైంది. 2017లో టీచర్ పోస్టులకు టీఆర్‌టీ నోటిఫికేషన్ వచ్చేనాటికి తన చదువు పూర్తి కాలేదు. ఆ తర్వాత పరీక్ష జరిగింది మళ్ళీ ఏడేళ్ళకు, డీఎస్సీ పేరుతో 2024 జూలైలో, 11,062 పోస్టులకు. అంత పెద్ద నోటిఫికేషన్ మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తుందో. ఆ నెలల్లో మీ ఇంట్లో మెయిన్స్ చదువు నడుస్తోంది. ఇరవై నెలల పాపను ఎవరో ఒకరు పట్టుకోవాలి. "ఈయన పరీక్ష కానియ్యి పెదనాన్నా, నాది తర్వాత చూద్దాం" అని ఆమె నవ్వుతూనే చెప్పింది. అనుకోకుండా జరిగిందంటావు. మీ ఇద్దరిలో ఎవరి పరీక్ష ముఖ్యమన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు నిజమే. ఎత్తకుండానే తేలిపోయింది, అదే నాకు నచ్చలేదు.

నీ నాలుగు నుంచి ఆరు గంటల చదువు ఊరికే రాదు. ఆ వేళ బాబు లేస్తే ఎత్తుకునేది ఆమె. అందుకని ముందు ఆమెను అడిగి ఆ గంటలు తీసుకో. తీసుకున్నన్ని తిరిగివ్వు. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా పిల్లలిద్దరూ నీ దగ్గరే ఉండాలి, ఆమె తన పుస్తకాలతో కూర్చోవాలి. ఆదివారం పూటంతా ఆమెదే. డీఎస్సీ ఎప్పుడొచ్చినా ఆమె సిద్ధంగా ఉండాలి. రెండు పరీక్షలూ ఒకే నెలలో పడితే ఈసారి ఆగాల్సింది నువ్వు. ఈ మాట అత్త ముందు కూడా చెప్పాను, ఆమె నన్ను ఎగాదిగా చూసి ఊరుకుంది.

ఎన్నిసార్లు రాయాలో కూడా ఇద్దరూ కలిసి ఇప్పుడే అనుకోండి. రెండా, మూడా, మీ ఇష్టం. ఫలితం వచ్చిన రాత్రి అనుకునే మాట నిలవదు. ఆ తర్వాత మానేసినా సిగ్గుపడాల్సింది లేదు. పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం చిన్నదని మీ ఊరివాళ్ళెవరూ అనుకోవడం లేదు, నువ్వు తప్ప.

నీ మెయిన్స్ ముందు ఆ నెలన్నర, ఆమె డీఎస్సీ ముందు రెండు నెలలు పిల్లలను మా దగ్గర వదలండి. అత్త ఒప్పుకుంది. మా వీధిలో అంగన్‌వాడీ ఉంది, పాప పొద్దుట పూట అక్కడికి వెళ్తుంది. బాబు నాతో ఉంటాడు. పెన్షనర్‌కు వేరే పనేముంది?

ఈ ఉత్తరం చదివి అమ్మాయికివ్వు. ఏ గంటలు నీవో, ఏవి తనవో మీరు తేల్చుకున్నాక నాకు ఫోన్ చెయ్యాల్సింది నువ్వు కాదు, తను.

ఇట్లు
మీ మామ