లక్కమ్మ చేసిన రెండు హెచ్చరికలు



12వ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుని మహామనె ముంగిట నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఏరిన బియ్యమని ఆ పేరునకు అర్థము. నేటి రాయచూరు జిల్లాలోని అమరేశ్వరము నుండి అతడును, అతని భార్య లక్కమ్మయు కల్యాణమునకు వచ్చిరి. ఆ గింజలతోనే వారు నిత్యము జంగమ దాసోహము జరుపుచుండిరి.

ఒకనాడు మారయ్య శరణుల అనుభవగోష్ఠిలో మునిగి కాయకమును మఱచెను. వేళ మించుచున్నదని లక్కమ్మ హెచ్చరించెను. వేఱొకనాడు అతడు ప్రతిదినము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆమె సంతసింపలేదు. ఇది మన అక్కఱకు మించినది, తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. మారయ్య మాఱుపలుకక పోసి వచ్చెను.

పని పెరుగుట ఎట్లు, వ్యాపారము చక్కబడుట ఎట్లు అని నేడు అందఱును అడుగుచున్నారు. లక్కమ్మ రెండు మాటలలోనే సమాధానమున్నది. వేళ తప్పరాదు, ధర్మముగా రాని అధికమును ఇంట చేర్చరాదు.

వేళ తప్పిన ఏమగునో భూపాలపల్లి బొగ్గుగనులలో దిగువారిని అడుగవలెను. అచట ఒక షిఫ్టువారు పైకి వచ్చుచుండగా మఱియొక షిఫ్టువారు దిగుదురు. పైకప్పు ఎచట వదులుగా నున్నదో, గాలి ఎచట చాలకున్నదో చూచి, వచ్చువారికి తెలియునట్లు సర్దార్ వ్రాసి పెట్టవలెను. ఇంటికి పోవు తొందరలో ఆ ఒక్క పంక్తి వ్రాయకున్నచో తోటివాని ప్రాణమునకే ముప్పు. తన పనిని తరువాతివానికి చక్కగా అప్పగించుటయు కాయకములోని భాగమే. కార్యాలయములో కాగితమును రేపటికి త్రోయువాడును ఈ మాట తలపవలెను.

వేళ పాటించుట యనగా తొందరపడుట కాదు. జనగామ చెంతనున్న పెంబర్తిలో ఇత్తడి రేకును కాచి మెత్తబఱచి, లక్కపై నిలిపి, ఉలితో మెల్లగా బొమ్మ తేల్తురు. కాచుటకు ఓర్పులేనివాని రేకు చిట్లును. మిగిలినదనుకొన్న కాలమంతయు వ్యర్థమగును.

ఇక రెండవ హెచ్చరిక. మహబూబాబాదు జిల్లా కేసముద్రము మార్కెట్టునకు మిరప బస్తాలు వచ్చును. కల్లములో బాగుగా ఎండించి, తాలుకాయను వేఱుచేసి తెచ్చు రైతు కలడు; పైన ఎఱ్ఱనికాయ పఱచి, అడుగున తాలును, తేమకాయను దాచువాడును కలడు. కాంటాపై ముల్లును మోసగించు వ్యాపారియు కలడు. ఆనాటికి వారి చేతికి నాలుగు రూకలు అధికముగా వచ్చును. కాని మఱుసటి బస్తాను ఎవరును నమ్మరు. అడుగువఱకు గ్రుమ్మరించి చూతురు. ఒక్కని కపటము వలన అందఱి పనియు ఆలసించును. లక్కమ్మ తిరిగి పోయించిన బియ్యము అట్టిదే. అన్యాయార్జితముతో పెట్టిన అన్నము దాసోహము కానేరదు.

ఈ హెచ్చరికలు మఠములకును వర్తించును. ఉగ్రాణమునకు వచ్చిన ధాన్యమును ఆనాడే లెక్క వ్రాయవలెను. పంక్తిలో ఎందఱు కూర్చుందురో ముందే తెలిసికొని వండవలెను. అన్నము పాఱవేసి అన్నదానము ఘనముగా జరిగినదనుట తగదు. ఇష్టలింగపూజ పేర అంగడి తలుపు ఆలస్యముగా తీసి, దూరగ్రామము నుండి వచ్చిన కొనుగోలుదారుని ఎండలో నిలుపు భక్తునికిని లక్కమ్మ మాటయే శరణ్యము. అనుభవగోష్ఠి నుండియే ఆమె భర్తను పనికి పంపినది గదా!

బసవపురాణమును ద్విపదలో రచించిన పాల్కురికి సోమనాథుని పాలకుర్తి నేడు జనగామ జిల్లాలోనిది. బట్టలుతికిన మడివాలు మాచయ్యను ఆ మహాకవి కీర్తించెను. ఆ నేలపై బ్రదుకువారికి ఏ పనియు హీనము కాదు, అశ్రద్ధయే హీనము.

కావున ప్రతిగృహమునందును దీపము పెట్టువేళ రెండు ప్రశ్నలు వేసికొనుడు. నేడు నా వలన ఎవరైన వేచియుండిరా? నాది కానిది ఏదైన నా ఇంట చేరెనా? చేరినచో, మారయ్యవలె తెల్లవాఱకముందే తిరిగి పోసి రండు.