గురువు కోసం ఒక దుఆ

మనిషి మరణించగానే అతని కర్మలు ఆగిపోతాయి. మరణానంతరం కూడా పుణ్యం చేకూర్చే మూడింటిలో ప్రయోజనకరమైన విద్య ఒకటని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) కూఫా నగరంలో హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ (రహ్మలై) సన్నిధిలో దాదాపు 18 ఏళ్లు గడిపారు. ధర్మశాస్త్ర విషయాలు నేర్చుకోవడానికే అన్నేళ్లు పట్టలేదు. గురువు ఓర్పునూ, నడవడికనూ దగ్గరుండి చూశారు. హిజ్రీ 120లో హమ్మాద్ కన్నుమూశారు. ఆ తర్వాత ఇమామ్ గారు ప్రతి నమాజులో తల్లిదండ్రులతోపాటు గురువు మన్నింపు కోసం కూడా దుఆ చేసేవారని చరిత్రకారులు రాశారు. ఇమామ్ గారి కుమారుని పేరు కూడా హమ్మాదే!

ఇమామ్ గారి శిష్యుడు అబూ యూసుఫ్ (రహ్మలై) పేదింటి బిడ్డ. అతని చదువు ఆగకుండా ఇమామ్ గారే ఇంటి ఖర్చులకు డబ్బిచ్చేవారు. ఆ శిష్యుడే హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన కూడా తన గురువు కోసం దుఆ చేయడం మానలేదు.

మన పిల్లలు నమాజులో పఠించే ఫాతిహా సూరాను మస్జిదులో ఓ మౌల్వీసాబ్ ఓపికగా నేర్పి ఉంటారు. ఆయన జీతం నెలల తరబడి ఆపి, పిల్లల ముందే ఆయన్ని చులకన చేసి మాట్లాడితే ఆ పసి మనసుల్లో విద్యపట్ల గౌరవం ఎలా నిలుస్తుంది? ఈ రాత్రే పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకొని, మనకు అలిఫ్, బే నేర్పినవారి కోసం చేతులెత్తుదాం.

అల్లాహ్ మన గురువులందరినీ కరుణించుగాక! ఆమీన్.