ఆకాశం ఎవరి కోసం ఎర్రబడింది?

మొహర్రం నెల పొడిచిందంటే మా ఇళ్లల్లో కర్బలా కథ మొదలవుతుంది. హిజ్రీ 61, మొహర్రం 10. క్రీస్తు శకం 680 అక్టోబర్. పక్కనే యూఫ్రటీస్ నది పారుతున్నా మూడు రోజులుగా చుక్క నీళ్లు అందని హుసేన్, ఆయన వెంట 72 మంది. కథ చివరికొచ్చేసరికి నానీలు, దాదీలు గొంతు తగ్గిస్తారు. ఆ రోజు ఆకాశం ఎర్రబడిందట. పగలే చుక్కలు కనబడ్డాయట. బైతుల్ మఖ్దిస్‌లో ఏ రాయి లేపినా కింద పచ్చి నెత్తురట.

ఇవి మా ముసలమ్మలు అల్లిన మాటలు కావు. ఆకాశపు అంచులు ఆరు నెలలు ఎర్రగానే ఉన్నాయని సుయూతీ తన ఖలీఫాల చరిత్రలోకి ఎక్కించాడు. అంతకుముందే, 14వ శతాబ్దంలో, డమాస్కస్ పండితుడు ఇబ్నె కసీర్ ఇలాంటివాటిలో చాలా వరకు కల్పనలేనని తోసేశాడు. లెక్క చూసినా చాంద్రమాసం పదో రోజున సూర్యగ్రహణం పట్టదు. అది అమావాస్యకే.

మా చిక్కు లెక్కల దగ్గర లేదు, ప్రవక్త దగ్గరే ఉంది. 632లో ఆయన పసికొడుకు ఇబ్రాహీం చనిపోయిన రోజున గ్రహణం పట్టింది. సూర్యుడు కూడా దుఃఖిస్తున్నాడని జనం అన్నారు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రికి అంతకన్నా ఓదార్పు ఏముంటుంది? ఊరుకుంటే ఆయన గొప్పే పెరిగేది. ఆయన ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లా సూచనలనీ, ఎవరి చావుకో పుట్టుకకో గ్రహణం పట్టదనీ చెప్పి జనాన్ని నమాజుకు నిలబెట్టారు. తన కన్నీళ్లను మాత్రం దాచుకోలేదు.

కొడుకు కోసం మసకబారని సూర్యుడు మనవడి కోసం మసకబారాడా? ప్రవక్త వంశమని ఆకాశం ఏడ్చిందంటే, ఆయన కాదన్న మాటనే మళ్లీ ఆయన నెత్తిన పెట్టినట్టు. అయితే ఖుర్ఆన్‌లోనే, దుఖాన్ సూరాలో, ఇంకో మాట ఉంది. ఫిరౌన్ మనుషులు మునిగిపోతే వాళ్ల కోసం ఆకాశమూ భూమీ ఏడవలేదని. అక్కడ వంశం ప్రసక్తి లేదు. జులుం చేసినవాడికి కన్నీటిచుక్క దక్కలేదు, అంతే.

తెలంగాణలో ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో కూడా పీర్లు లేస్తాయి. పీరు ఎత్తుకునేవాళ్లకు, అలావ చుట్టూ ఆడేవాళ్లకు హుసేన్ వంశవృక్షంతో పనిలేదు. దాన్ని షిర్క్ అనే పెద్దలు మాలోనే ఉన్నారు. (మమ్మల్ని ఈ నేలవాళ్లు కాదనేవాళ్లు అటువైపున్నారు. ఇద్దరికీ పీర్లంటే పడదు.) అన్యాయానికి బైఅత్ ఇవ్వనివాడు చచ్చిపోయాడన్నంత వరకు ఆ ఊళ్లకు తెలుసు. మా లెక్కలో అది తక్కువ తెలివి కాదు.

అసలు హుసేన్‌ను రమ్మని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది కూఫా వాళ్లే. ఆయన పంపిన ముస్లిం బిన్ అఖీల్‌ను చంపుతుంటే తలుపులేసుకున్నదీ వాళ్లే. ఆ తర్వాత బందీలైన ఆడవాళ్లను చూసి బజార్లో నిలబడి ఏడిస్తే, ఇప్పుడా మీ ఏడుపని జైనబ్ నిలదీసిందని చెబుతారు. ఆకాశం ఎర్రబడ్డ కథలో మాకు ఆ తలుపులే కనిపిస్తాయి. మనుషులు చెప్పాల్సిన సాక్ష్యం చెప్పకపోతే, కథ చెప్పినవాళ్లు రాళ్ల చేత చెప్పించారు. నాలుగేళ్లకు ఆ కూఫాలోనే కొందరు సిగ్గుపడి సులేమాన్ బిన్ సురద్ వెంట కదిలారు. హుసేన్ సమాధి దగ్గర ఏడ్చి, అక్కడి నుంచి యుద్ధానికి పోయారు. చాలామంది తిరిగి రాలేదు.

1990 డిసెంబర్‌లో హైదరాబాద్ గల్లీల్లో కత్తిపోట్లకు పోయినవాళ్లలో రెండు మతాలవాళ్లూ ఉన్నారు. వాళ్లెవరూ ప్రవక్త మనవళ్లు కారు. ఆకాశం రోజూలాగే ఉంది. తలుపు సందుల్లోంచి చూసినవాళ్లలో పేరు పెట్టి చెప్పడానికి ఎందరు బయటికొచ్చారు?