నేల మీద అతికించే నేల

త్రీడీ మోడల్ మొదట ఒక బూడిదరంగు బొమ్మ. గుట్టకి ఎత్తు ఉంటుంది, ఇంటికి గోడ ఉంటుంది, కానీ అది రాయో మట్టో తెలీదు. అది నిజంలా కనిపించాలంటే అసలు రాతినో మట్టినో ఫోటో తీసి దాని మీద అతికించాలి. దీన్నే టెక్స్చరింగ్ అంటారు. ఏ ఫోటో ఎంచుకోవాలన్నది మా ఇంజనీర్లకి పూర్తిగా టెక్నికల్ ప్రశ్న. నాకు మాత్రం అందులో సగం నైతిక ప్రశ్నే అనిపిస్తుంది.

టెక్నికల్ సగం ముందు చెప్తాను. ఫోటోలో నీడ ఉండకూడదు. ఒకసారి అందులో పడిందంటే, గేమ్‌లో పొద్దు ఎటు వాలినా ఆ నీడ అక్కడే ఉండిపోతుంది. అందుకే మబ్బు పట్టిన రోజు తీయమంటారు. కర్నూలు, కడపల్లో మబ్బు కోసం ఎదురుచూసేవాళ్ళకి ఇంకొకరు తోడన్నమాట. కెమెరాని పైనుంచి సూటిగా పట్టాలి. ఏటవాలుగా తీస్తే దగ్గరి రాయి పెద్దదీ దూరపు రాయి చిన్నదీ అయిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, కొట్టొచ్చినట్టు కనిపించే గుర్తేదీ ఉండకూడదు. రెండు మీటర్ల నేల ఫోటోనే పలకల్లా పక్కపక్కన పేర్చి రెండు కిలోమీటర్ల మైదానాన్ని కప్పుతాం మరి. అందులో ఒక్క తెల్లరాయి ఉంటే రెండేసి మీటర్లకి ఒకటి మొలుస్తుంది, చూసేవాడికి మోసం తెలిసిపోతుంది. కాబట్టి ‘ఇక్కడ మాత్రమే’ అని చెప్పే ప్రతిదాన్నీ తుడిచేస్తాం.

ఇప్పుడు రాయలసీమ నేల కావాలనుకుందాం. చెయ్యి ముందు వెళ్ళేది నెర్రెలు విచ్చిన నేల ఫోటో మీదికే. చూడగానే ‘కరువు సీమ’ అని తెలిసిపోతుంది. కానీ నేల అసలెందుకు నెర్రెలిస్తుంది? బంకమట్టి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఆరాక కుంచించుకుపోతుంది. నంద్యాల వైపు కుందూ లోయలోని నల్లరేగడి అలా విచ్చుకుంటుంది. ఎండిన చెరువు అడుగున పేరుకున్న ఒండ్రు అలా విచ్చుకుంటుంది. తుగ్గలి వైపు ఎర్ర గరుసునేల అలా విచ్చుకోదు. అంటే నెర్రె నీళ్ళు లేవనడానికే కాదు, నీళ్ళు ఉండి వెళ్ళాయనడానికీ సాక్ష్యమే.

ఆ నీళ్ళు కూడా ఊరికే నిలవలేదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువుకి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు పట్టాయని అందులో ఉంది. మంచి చెరువుకి కావలసిన పన్నెండు అంగాలూ, తప్పించుకోవలసిన ఆరు దోషాలూ కూడా రాతిమీద చెక్కించారు. ఎండిన చెరువు అడుగు ఫోటోని చేనుకీ గుట్టకీ బాటకీ ఒకటిగా పరిచేస్తే కట్ట ఉండదు, తూము ఉండదు, ఆ రెండేళ్ళ చాకిరీ ఉండదు. ఒక ఎండాకాలం జరిగిన సంగతి ఆ నేల పుట్టుకగుణం అయిపోతుంది. మనుషుల విషయంలో అయితే దీన్ని ముద్ర వేయడం అంటాం.

గేమ్ గేమే, సర్వే మ్యాపు కాదు కదా అనొచ్చు. చూసేవాడు గుర్తుపట్టాలి కదా అని కూడా అనొచ్చు. రెండోదాంట్లో బలం ఉంది. కరువు అబద్ధం కాదు. దాన్ని దాచేసి కేసీ కెనాల్ కింది పచ్చటి వరిమళ్ళే చూపించినా అబద్ధమే. కానీ ఇక్కడ చూసేవాడు గుర్తుపట్టేది నేలని కాదు, అంతకుముందు చూసిన ఫోటోలని. వాటికి మనమూ ఇంకోటి కలిపితే, రేపు ఎర్రనేల చూపించినవాడే అబద్ధాలకోరు అవుతాడు. కల్పనకి స్వేచ్ఛ ఉంది, కాదనను. అయితే ‘రియలిస్టిక్’ అని చెప్పుకున్నాక సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నట్టే.

అలాగని పేర్చకుండా కుదరదు. ఊరంతా అంగుళం అంగుళం ఫోటోలు పెట్టుకుంటే మామూలు మెషీన్లకి మెమరీ చాలదు. దీనికి దారి గ్రాఫిక్స్‌లోనే ఉంది. పదే పదే వచ్చేదాన్ని టైల్ చేస్తాం. ఒక్కచోటే ఉండేదాన్ని డెకల్‌గా, అంటే స్టిక్కర్‌లా, ఆ చోటే అతికిస్తాం. కాబట్టి ఫోటో ఎంచుకునేటప్పుడు అడగాల్సింది ‘ఇది నిజంలా ఉందా’ అని మాత్రమే కాదు, ‘ఇది దీని గుణమా, దీనికి జరిగిన సంగతా’ అని. కడప బండ నలుపు గుణం, ఎంత దూరమైనా పరచొచ్చు. గడప ముందు బండ అరిగి నునుపెక్కడం సంగతి. అది నడిమధ్యనే ఉండాలి, మనుషులు అడుగేసేది అక్కడే కాబట్టి. ఆ అరుగుదలని బండంతా సమానంగా పూసేస్తే దానిమీద ఎవరూ నడవనట్టే. చెరువు నెర్రె కూడా అంతే. దాన్ని చూపించండి, కాకపోతే చెరువులో చూపించండి, పక్కన కట్ట ఉండనివ్వండి.

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి ఎర్రచేలలో జనం వజ్రాల కోసం వంగి వెతుకుతారు. వాళ్ళ లెక్కలో ఏ రెండు అడుగుల నేలా ఒకటి కాదు. ఒకటే అయితే వెతకడానికి ఏముంది? టెక్స్చర్ చేసేవాళ్ళ పని దీనికి పూర్తిగా ఎదురు, మెరిసే రాయి కనిపిస్తే తుడిచేస్తాం. తుడవక తప్పకపోవచ్చు. తుడిచేముందు అదేమిటో ఒకసారి వంగి చూడటం మాత్రం మన చేతుల్లోనే ఉంది.