చూరు క్రింది కంకులు

గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. వండిన యన్నములో కొంత తీసి పక్షులకు, ఇతర ప్రాణులకు పెట్టిన పిదపనే తాను భుజింపవలెను. కాని పల్నాటి రైతు గృహమున నొక సందేహము కలుగును. సంక్రాంతికి చూరున వరికంకుల కుచ్చు కట్టి పిచ్చుకను పిలిచిన చేయియే జొన్నచేలో మంచె యెక్కి వడిసెల త్రిప్పును గదా! ఇది కపటమా?

కాదనియే తోచును. పంటను కాచుకొనుట సంసారి ధర్మము. అందు పక్షికి భాగమే లేదనుట దోషము. ఐనను భాగమనగా గింజలేనా? పెద్ద పిచ్చుక గింజ తినును. గూటిలోని పిల్లకు మాత్రము పురుగులనే యేరి తెచ్చి పెట్టును. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన తరువాతి కాలమున ఈ సీమలో ప్రత్తి, మిరప చేలు పెరిగినవి, వానితో పురుగుమందులును పెరిగినవి. మందు చల్లిన చేని ప్రక్క ఎన్ని కుచ్చులు వ్రేలాడదీసినను ఆ పిల్ల కడుపు నిండదు. వడిసెల రాయి తప్పిపోవచ్చును, మందు తప్పదు.

ఇక వేసవి. రెంటచింతల యెండ యెరుగనివా రెవరు? అప్పుడు గింజకన్న నీరే దొడ్డది. లోతులేని మట్టిమూకుడు నీడలో, పిల్లి పొంచుటకు చాటులేని తావున నుంచి, దినదినము కడిగి నింపవలెను. తిరువారాధనకు తెచ్చిన బిందెలో మిగిలిన నీరే అందులకు చాలును.